గడ్డకట్టే చలి వచ్చేలోపు ఇంటి పైపులకు ఇంకేం చేయాలి?

అందరికీ నమస్కారం. చలి ముదరకముందే పైపుల పని ముగించాలని చూస్తున్నాను. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి దారి చూపండి.

బయటి కుళాయికున్న గొట్టం తీసేసి, లోపలి వాల్వు కట్టేసి, మిగిలిన నీళ్లు కార్చేశాను. నా బెంగంతా వంటింటి సింకు కింది రాగి పైపు గురించే. అది బయటి గోడను ఆనుకునే వెళ్తోంది. అల్మారా తలుపు తీసి చెయ్యి పెడితే జిల్లుమంటోంది. పైపు గోడలోకి దూరే చోట వేలు పట్టేంత సందుంది, గాలి అందులోంచే కొడుతోంది. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కదా. ఆ గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటి ఒత్తిడికే పైపు పగులుతుందట. అందుకే బాగా చలిగా ఉన్న రాత్రుళ్లు ఆ కుళాయిని సన్నటి ధారగా వదిలి, అల్మారా తలుపులు తెరిచి ఉంచాలనుకుంటున్నాను.

ఆ సందు పూడ్చి, పైపుకు ఫోమ్ తొడుగు వేస్తే చాలా? హీట్ కేబుల్ (పైపును వెచ్చగా ఉంచే కరెంటు తీగ) కూడా చుట్టాలా? చుడితే దాని మీద తొడుగు వేయొచ్చా, వేడెక్కి ప్రమాదమా? ఇదే నాకు అన్నిటికన్నా ముఖ్యం.

ఇంకొకటి, మధ్యలో కొన్నాళ్లు ఊరెళ్లాలి. హీటింగ్ 13 డిగ్రీల దగ్గర ఉంచితే సరిపోతుందా? కరెంటు పోతే ఎలాగన్నదే భయం. మెయిన్ వాల్వు కట్టేసి పైపులన్నీ ఖాళీ చేయడమే నయమనిపిస్తోంది. అలా చేస్తే సింకు కింది వంపులోనూ, టాయిలెట్‌లోనూ నిలిచే నీళ్లకు ఏం చేస్తారు? వాటర్ హీటర్‌ కూడా ఖాళీ చేయాలా?