టీనేజి సూపర్ హీరో చిత్రానికి సమీక్ష: బొమ్మను కథ నుంచి విడదీసి రాయవచ్చునా?

ప్రశ్న: పఠనప్రియ

మిత్రులకు నమస్కారం. మా ఊరి గ్రంథాలయం తరఫున వెలువడే చిన్న మాసపత్రికలో సినిమా పేజీ నేను చూస్తుంటాను. 2018 డిసెంబరు 14న విడుదలైన 'స్పైడర్-మ్యాన్: ఇంటు ది స్పైడర్-వర్స్' అనే యానిమేషన్ చిత్రానికి వచ్చే సంచికలో సమీక్ష రాయాలని కూర్చున్నాను గాని, ఎన్ని చిత్తుప్రతులు రాసినా తృప్తి కలగడం లేదు. ఈ చర్చలో కథ మొత్తం ప్రస్తావనకు వస్తుంది కనుక, చిత్రం చూడనివారు చూశాక చదవడం మంచిది.

న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మైల్స్ మొరాలెస్ అనే కుర్రాడు ఉంటాడు. తండ్రి నల్లజాతి అమెరికన్, పోలీసు అధికారి. తల్లి ప్యూర్టో రికో మూలాలున్న నర్సు. పేరున్న బోర్డింగు పాఠశాలలో సీటు వచ్చింది కాని, అక్కడ ఇమడలేక పాత బడికే తిరిగి వెళ్ళిపోవాలని చూస్తుంటాడు. బాబాయి ఆరన్‌తో కలిసి భూగర్భ రైలు సొరంగంలో గోడమీద బొమ్మ వేస్తుండగా సాలీడు కుడుతుంది. ఆ తరువాత అతని కళ్ళముందే ఆ నగరపు స్పైడర్-మ్యాన్ చనిపోతాడు. కింగ్‌పిన్ అనే నేరముఠా నాయకుడు నడిపే యంత్రం వల్ల వేరే లోకాల స్పైడర్-మనుషులు ఇక్కడికి వచ్చి పడతారు. వారిలో పొట్ట పెరిగి, భార్యతో విడిపోయి, బతుకు మీద ఆసక్తి తగ్గిన నడివయసు పీటర్ బి. పార్కర్ మైల్స్‌కు గురువవుతాడు.

నా చిక్కు ఇది. మన వెబ్‌సైట్ల సమీక్షలకు ఒక అచ్చు స్థిరపడిపోయింది: కథ, ప్లస్ పాయింట్లు, మైనస్ పాయింట్లు, సాంకేతిక విభాగం, తీర్పు, చివర అయిదింటికి ఇన్ని అని రేటింగు. ఆ అచ్చులో పోస్తే, ఈ చిత్రంలో నన్ను కదిలించిన బొమ్మల తీరంతా సాంకేతిక విభాగంలో ఛాయాగ్రహణం, కూర్పుల పక్కన రెండు వాక్యాలకు కుదించుకుపోతోంది. కథ దగ్గరేమో 'ఒక కుర్రాడు తనను తాను నమ్ముకోవడం' అని ఎవరైనా రాయగలిగే మాట మిగులుతోంది. ఇది పిల్లల చిత్రమే కదా, అంత లోతు దేనికని మా సంపాదకవర్గంలో ఒకరు అన్నారు. టీనేజి కథానాయకుడున్న సూపర్ హీరో చిత్రాన్ని దేనితో కొలవాలో అనుభవమున్నవారు చెప్పగలరా?

జవాబు: రేఖాచిత్రం

పఠనప్రియ గారికి, నేను హైదరాబాదులో యానిమేషన్ పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను. బొమ్మల తీరును సాంకేతిక విభాగానికి పంపితే ఈ చిత్రంలోని కుర్రాడే సమీక్షలోంచి తప్పిపోతాడు.

తెరమీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. కంప్యూటర్ యానిమేషన్‌లో సాధారణంగా ప్రతి ఫ్రేముకూ పాత్ర భంగిమ కొత్తగా ఉంటుంది. దీన్ని మేము 'ఆన్ వన్స్' అంటాం. ఒకే భంగిమను రెండేసి ఫ్రేముల పాటు నిలిపితే సెకనుకు 12 భంగిమలే ఉంటాయి. అది 'ఆన్ టూస్'. అప్పుడు కదలిక కొంచెం తెగినట్టు, కాని బొమ్మ గట్టిగా కంటికి ఆనినట్టు కనిపిస్తుంది. వేగంగా కదిలే వస్తువు చుట్టూ మామూలుగా వేసే మసకను కూడా ఇందులో వాడలేదు కనుక ప్రతి భంగిమా కామిక్ పుస్తకంలోని గడిలా నిలుస్తుంది. ఇంతవరకు శైలి అనుకోవచ్చు. ఆల్కెమాక్స్ ప్రయోగశాల నుంచి తప్పించుకొని అడవిలో చెట్ల మధ్య ఊగుతూ పారిపోయే దృశ్యాన్ని గుర్తు తెచ్చుకోండి. అక్కడ పీటర్ ఆన్ వన్స్‌లో కదులుతాడు, మైల్స్ ఆన్ టూస్‌లో కదులుతాడు. అంటే ఒకే ఫ్రేములో, ఒకే చెట్టు కింద, ఒకరి ఒంట్లో ఇరవై ఏళ్ళ అలవాటూ మరొకరి ఒంట్లో తడబాటూ పక్కపక్కనే కనిపిస్తాయి. మైల్స్‌కు ఊగడం పట్టుబడేకొద్దీ ఆ తేడా చెరిగిపోతుంది. ఈ సంగతి చిత్రబృందమే వివరించింది. అయితే ఎవరూ చెప్పకపోయినా ప్రేక్షకుడి కంటికి ఆ కుర్రాడు ఇంకా కుదురుకోలేదని అందుతుంది. నేర్చుకోవడం అనే పనిని సంభాషణ లేకుండా ఇంత కచ్చితంగా చూపిన దృశ్యం ఇటీవలి చిత్రాల్లో నేను చూడలేదు.

అలాగే, సాలీడు కుట్టేంతవరకు తెరమీద అక్షరాల డబ్బాలు కనిపించవు. కుట్టిన మరునాటి ఉదయం నుంచే మైల్స్ ఆలోచనలు కామిక్స్‌లో మాదిరి పసుపుపచ్చ గడుల్లో అతని తల చుట్టూ ప్రత్యక్షమవుతాయి. నా తలలోని గొంతు ఇంత గట్టిగా ఎందుకు వినిపిస్తోందని అతనే కంగారుపడతాడు. ఆ వయసులో ప్రతి చిన్న ఆలోచనా బయటికి వినిపించిపోతోందేమోననే భయం ఎంత నిజమో మనందరికీ తెలుసు. దర్శకులు ముగ్గురు, బాబ్ పెర్సికెట్టి, పీటర్ రామ్సే, రాడ్నీ రాత్‌మన్, ఆ భయానికి కామిక్స్ నుంచే రూపం ఎంచుకున్నారు. దూరాన ఉన్న వస్తువులను మసకబార్చడానికి బదులు, పాత చవక కామిక్స్‌లో రంగుల అచ్చు పక్కకు జరిగినట్టుగా ఎరుపు, నీలం అంచులను వేరుచేయడం, నీడల్లో చుక్కలు, గీతలు నింపడం వంటివి కూడా ఉన్నాయి. అవి బాగున్నాయి గాని, సమీక్షలో చోటు తక్కువైతే వాటిని వదిలి అడవి దృశ్యాన్నే వివరంగా రాయండి.

జవాబు: బడిపంతులు

నేను గురుకుల పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు పాఠాలు చెబుతాను. పిల్లల చిత్రమే కదా అన్న మాట నాకు నచ్చలేదు. పిల్లల గురించి తీసిన చిత్రంలో పిల్లలు నిజంగా ఉన్నారా లేదా అన్నదే మొదటి కొలత కావాలి.

ఈ చిత్రంలో ఉన్నారు. తప్పా ఒప్పా అని గుర్తించే పరీక్షలో మైల్స్‌కు సున్నా వస్తుంది. కళ్ళకు గంతలు కట్టుకొని గుర్తించినా సగం మార్కులు వస్తాయనీ, అన్నీ తప్పు పెట్టాలంటే అన్నింటి జవాబులూ తెలిసి ఉండాలనీ టీచరు పసిగట్టి, ఆ సున్నాను నూరుగా మారుస్తుంది. బాగా చదివే పిల్లవాడు ఇంటికి పంపేస్తారన్న ఆశతో కావాలని మార్కులు పోగొట్టుకోవడం హాస్టలు బడుల్లో పనిచేసిన ఏ ఉపాధ్యాయుడికీ కొత్త కాదు. మైల్స్‌కు చదువు రాక కాదు. లాటరీలో వచ్చిన సీటు తనది కాదని అతని మనసులో ఉంది, ప్రవేశపరీక్ష అందరిలాగే రాసి నెగ్గావు కదా అని తండ్రి చెప్పినా అది పోదు.

శక్తులు వచ్చాక కూడా మొదట జరిగేది సాహసం కాదు, సిగ్గుపడే పని. గ్వెన్ అనే అమ్మాయి భుజం మీద చెయ్యి వేయబోతే ఆ చెయ్యి ఆమె జుట్టుకు అతుక్కుపోతుంది, చివరికి జుట్టు కత్తిరించాల్సి వస్తుంది. ఒళ్ళు తన మాట వినకపోవడం ఆ ఈడు పిల్లలకు రోజూ ఉండే బాధ. అతుక్కోవడం అనే ఆ శక్తే తరువాత పతాక సన్నివేశానికి ముందు ఎలా తిరిగి వస్తుందో గమనించారా?

నువ్వు ఇంకా సిద్ధంగా లేవని పీటర్ మైల్స్‌ను హాస్టలు గదిలో కుర్చీకి కట్టేసి, నోటికి కూడా సాలెగూడు అంటించి వెళ్ళిపోతాడు. అప్పుడే తండ్రి వచ్చి తలుపు తడతాడు. తలుపు కింది సందులో నీడ కనబడి కొడుకు లోపలే ఉన్నాడని తెలుసుకుంటాడు. మాట్లాడడం ఇష్టం లేక పలకడం లేదని అనుకుంటాడు. మొదట్లో ఇదే తండ్రి పోలీసు కారు మైకులో అందరి ముందు 'నాన్నా, నువ్వంటే నాకు ఇష్టం' అని కొడుకు చేత బలవంతాన అనిపించుకున్నాడు. ఇప్పుడు బదులు చెప్పనక్కరలేదని తానే అంటాడు. నోరు కట్టేసి ఉన్న కొడుకు లోపల వింటుంటాడు. ఆ మాటలు విన్న తరువాతే అతని శక్తి అతని అదుపులోకి వస్తుంది. ఆ వెంటనే ఎత్తైన భవనం మీద నుంచి దూకుతాడు. భయం వల్ల వేళ్ళు అద్దానికి అతుక్కుని ఉండడంతో, దూకగానే అద్దం పగిలి ఆ ముక్కలు వేళ్ళతోపాటే వస్తాయి. భయం పోయాక దూకలేదు, భయంతోనే దూకాడు. కెమెరా తలకిందులై ఉన్నందున అతను కిందికి పడుతున్నా నగరంలోకి పైకి లేస్తున్నట్టు కనిపిస్తాడు. నా విద్యార్థులను తీసుకెళ్ళి చూపించాలని నేను కోరుకునేది ఈ తలుపు నుంచి ఆ అద్దం దాకా సాగిన భాగమే.

జవాబు: నిష్పక్షం

పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే, సమీక్షలో లోపాలకు కూడా చోటివ్వాలని కోరుతున్నాను. ఇంత మంచి చిత్రానికి పొగడ్త ఒక్కటే రాస్తే పాఠకుడు దానిని నమ్మడు.

నాకు కనిపించిన పెద్ద లోపం కింగ్‌పిన్. పోగొట్టుకున్న భార్యనూ కొడుకునూ వేరే లోకం నుంచి తెచ్చుకోవాలన్న అతని దుఃఖాన్ని క్షణాల్లో చూపించి ముగించారు. ఆ తరువాత అతను కొండంత శరీరంగా మాత్రమే మిగిలాడు. 2017లో వచ్చిన 'స్పైడర్-మ్యాన్: హోమ్‌కమింగ్' ఈ విషయంలో ముందుంది. అందులో శత్రువు టూమ్స్, శిథిలాలు ఎత్తే కాంట్రాక్టు ప్రభుత్వ విభాగం చేతిలోకి పోయి నష్టపోయినవాడు. పదిహేనేళ్ళ పీటర్ బడి డాన్సుకు తీసుకెళ్ళవలసిన అమ్మాయి ఇంటి తలుపు తీసేది అతనే. దారిలో ఎర్రదీపం దగ్గర కారు ఆగినప్పుడు, వెనుక సీటులో ఉన్న కుర్రాడు ఎవరో అద్దంలో చూస్తూ గ్రహిస్తాడు. దీపం పచ్చగా మారి ఆ వెలుగు అతని ముఖం మీద పడుతుంది. ప్రమాదం కుర్రాడి దైనందిన జీవితంలోకి నడిచి రావడమంటే అది. స్పైడర్-వర్స్‌లో ఆ పని చేసింది ఆరన్. కింగ్‌పిన్ కోసం పనిచేసే ప్రౌలర్ అనే ముసుగు మనిషి ఆరనేనని తెలిసినప్పుడు అయిన దెబ్బ ముందు కింగ్‌పిన్‌తో చివరి పోరాటం తేలిపోయింది. ఆ పోరాటంలో రంగులు ఎంత ముంచెత్తినా, నా మనసు ఆరన్ చనిపోయిన సందులోనే ఉండిపోయింది.

తల్లి రియో పాత్ర కూడా చాలా చిన్నది. వేరే లోకాల నుంచి వచ్చిన నాయిర్, పెని, పందిరూపపు స్పైడర్ నవ్విస్తారు కాని, 117 నిమిషాల నిడివిలో వారికి పోయిన కాలంలో కొంత ఆ తల్లికి ఇచ్చి ఉంటే ఇల్లు పూర్తిగా కనిపించేది. అలాగని తుది అంచనాలో నేను వెనక్కి తగ్గను. హోమ్‌కమింగ్‌లో పీటర్ దుస్తులు ఒక ధనవంతుడు ఇచ్చినవి, తిరిగి తీసుకున్నవి. ఇక్కడ మైల్స్ పాత దుస్తుల మీద తన రంగు డబ్బాతో తానే నలుపు చల్లుకుంటాడు. బాబాయి దగ్గర పట్టుబడిన విద్య అక్కడికి చేరడం నాకు ఎంతో నచ్చింది.

జవాబు: పాత అట్ట

చరిత్ర నుంచి రెండు మాటలు మాత్రం చేర్చుతాను. 1940లో బ్యాట్‌మ్యాన్ సహాయకుడిగా వచ్చిన రాబిన్ మొదలుకొని టీనేజి పాత్రలు కామిక్స్‌లో ఎక్కువగా పెద్దవారికి సహాయకులుగానే ఉండేవి. స్టాన్ లీ, స్టీవ్ డిట్కో కలిసి 1962లో పీటర్ పార్కర్‌ను సృష్టించినప్పుడు, గురువు లేని బడిపిల్లవాడినే నాయకుడిని చేయడం పెద్ద మలుపు. మైల్స్‌ను 2011లో బ్రయన్ మైకేల్ బెండిస్, సారా పికెల్లి సృష్టించారు. 2018లోనే కన్నుమూసిన లీ, డిట్కోలిద్దరికీ ఈ చిత్రాన్ని అంకితం చేశారు. దుస్తులు అమ్మే దుకాణదారుగా లీ కనిపించి, కొలత ఎప్పటికైనా సరిపోతుందని కుర్రాడితో చెప్పే దృశ్యం అందువల్ల మరింత బరువెక్కింది.

ఇంకొకటి. నటులతో తీసిన స్పైడర్-మ్యాన్ చిత్రాల్లో 2002 నాటి టోబీ మగ్వైర్, 2012 నాటి ఆండ్రూ గార్‌ఫీల్డ్ ఇద్దరూ పాతికేళ్ళు దాటాకే ఆ వేషం కట్టారు. బొమ్మకు ఆ ఇబ్బంది లేదు. మైల్స్ సన్నటి భుజాలు, కావాలనే కట్టుకోని బూటు లేసులు చివరిదాకా కుర్రాడివిగానే ఉన్నాయి. యానిమేషన్ కావడం వల్ల ఈ కథకు దక్కిన మేలు ఇదని మీ సంపాదకవర్గానికి చెప్పవచ్చు.

పఠనప్రియ

అందరికీ ధన్యవాదాలు. విభాగాల శీర్షికలు, రేటింగు రెండూ తీసివేసి, అడవి దృశ్యంతో మొదలుపెట్టి, తలుపు దగ్గరి దృశ్యం మీదుగా కింగ్‌పిన్ లోపం దాకా రాయాలని నిర్ణయించుకున్నాను. ఒక్క సందేహం మిగిలింది. ఆరన్ ఎవరో చెప్పకుండా కింగ్‌పిన్ ఎందుకు తేలిపోయాడో వివరించడం ఎలా? మా పాఠకుల్లో చాలామంది ఇంకా చిత్రం చూడలేదు.

జవాబు: నిష్పక్షం

ఆ ముసుగు సంగతి రాయకండి. అన్నదమ్ములిద్దరికీ మాటలు లేవన్న విషయం చిత్రం మొదట్లోనే తెలిసిపోతుంది, అంతవరకు రాయవచ్చు. ఇంట్లోని ఆ ఎడబాటు నుంచి కుర్రాడికి ఎదురయ్యే కష్టం కింగ్‌పిన్ యంత్రం వల్ల కలిగే కష్టం కన్నా బలంగా ఉందని అంటే, చూసినవారికి పూర్తిగా అర్థమవుతుంది, చూడనివారికి ఏమీ పోదు. ఆరన్‌కు మహర్షలా అలీ గొంతు ఇచ్చాడని కూడా చెప్పండి; కొడుకు వరసైన కుర్రాడి ముందు ఆ గొంతు మెత్తబడే తీరు విడిగా ప్రస్తావించదగినది. సంచిక వెలువడ్డాక సమీక్షను ఇక్కడ కూడా ఉంచితే చదువుతాం.