రష్యాలో టూబా పాఠానికి పునాది వేసింది ఎవరు?

మంద్రస్వరం: మా అబ్బాయి అమెరికాలో హైస్కూల్ బ్యాండులో టూబా (బాగా కింది స్వరాల్లో పలికే పెద్ద ఇత్తడి ఊదుడు వాద్యం) వాయిస్తాడు. వాళ్ల సారు బ్లజెవిచ్ రాసిన 70 ఎటూడ్ల (సాధన కోసం రాసిన చిన్న రచనల) పుస్తకం ఇచ్చారు. బ్లజెవిచ్ మాస్కో కన్సర్వేటరీ (సంగీత కళాశాల) ప్రొఫెసరే, కానీ ఆయన వాద్యం ట్రాంబోన్, అంటే గొట్టాన్ని ముందుకూ వెనక్కీ జరుపుతూ ఊదే ఇత్తడి వాద్యం. రష్యన్ టూబాకు గురువంటే మాస్కోలోని బొల్షోయ్ థియేటర్‌లో టూబా వాయించి, దానికోసం కన్చెర్టో (ఆర్కెస్ట్రా తోడుగా ఒక వాద్యం ముందుండి వాయించే రచన) రాసి, పాఠ్యపుస్తకం కూడా రాసిన అలెక్సీ లెబెదెవే అని నా అభిప్రాయం. పక్క వాద్యం మనిషి ఎంత గొప్పవాడైనా పక్క వాద్యం మనిషే కదండీ.

గాలితిత్తి: ఒప్పుకోలేను. ఆర్కెస్ట్రాలో టూబా కూర్చునేది ట్రాంబోన్ల పక్కనే. పెదవుల పని ఒకే తరహా, ఊపిరి పట్టడం ఒకే తరహా. పైగా ఆ ఎటూడ్లు ఒట్టి వేళ్ల కసరత్తు కాదు, గొంతెత్తి పాడుకోదగ్గ వరసలు. బ్లజెవిచ్ 1942లో పోయారు, ఇవాళ్టికీ పిల్లలు అవే సాధన చేస్తున్నారు. ఇంతకన్నా ఏం రుజువు కావాలి?

మంద్రస్వరం: ఊపిరి ఒకటే ఎలా అవుతుంది? రష్యాలో ఎక్కువగా వాడే పెద్ద బి-ఫ్లాట్ టూబా గొట్టం సుమారు 5.5 మీటర్లు. ట్రాంబోన్‌ది అందులో సగం. ట్రాంబోన్ మీద ఒక్క దమ్ములో వచ్చే వరసకు మావాడు మధ్యలో రెండుసార్లు ఆగుతున్నాడు. ఎక్కడ ఆగాలో ఆ బరువు మోసినవాడే చెప్పగలడు.

నెవాతీరం: మీరిద్దరూ మాస్కో దగ్గరే ఆగిపోయారు. 1893లో స్వరకర్త చైకోవ్‌స్కీ తన ఆరో సింఫనీని (ఆర్కెస్ట్రా కోసం రాసిన పెద్ద రచనని) పీటర్స్‌బర్గ్‌లో స్వయంగా నడిపించారు. చివరి భాగంలో టామ్‌టామ్ (పెద్ద కంచు పళ్లెం లాంటి గంట) ఒక్కసారి మోగాక మూడు ట్రాంబోన్లు, టూబా మాత్రమే అతి మెల్లగా వాయిస్తాయి. మంద్రంలో అంత మెల్లగా, స్వరం వణక్కుండా నిలపడం సాధన లేకుండా వస్తుందా? అప్పటికి బ్లజెవిచ్ 12 ఏళ్ల పిల్లాడు, లెబెదెవ్ పుట్టనే లేదు. ఇక విక్టర్ ఎవాల్డ్ సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్, చెల్లో వాద్యకారుడు. 1912లో అచ్చయిన ఆయన బ్రాస్ క్వింటెట్‌లో, అంటే ఐదు ఇత్తడి వాద్యాల రచనలో, కింది గొంతైన టూబా ఊరికే తాళం వేయదు, రాగం అందుకుంటుంది. అది విన్నాక టూబాను ‘బూం బూం’ వాద్యం అంటే నాకు మనసు చివుక్కుమంటుంది.

గాలితిత్తి: 1893 మాట నేను ఆలోచించలేదు. నిజమే, బ్లజెవిచ్ సున్నా నుంచి మొదలుపెట్టలేదు.

మంద్రస్వరం: వాయించేవాళ్లు ముందే ఉన్నారని నేనూ ఒప్పుకుంటాను. నా ప్రశ్న నేర్పడం గురించి. టూబా వాయించే మనిషే టూబా పిల్లల కోసం రాసిన పాఠం కావాలి. ఈసారి సారును కలిసినప్పుడు లెబెదెవ్ పుస్తకం కూడా ఇమ్మని అడుగుతాను.