యాసని వెక్కిరిస్తుంటే ఊరుకోవడమేనా టాలరెన్స్ అంటే?

ప్రశ్న:
మా టీంలో ఐదారు దేశాల వాళ్ళున్నారు, పైకి అంతా బాగానే ఉంటుంది. కానీ ఆఫ్రికా నుంచి వచ్చినతను మీటింగ్‌లో నోరు తెరిస్తే చాలు, ఒక సీనియర్ అదే మాటని అతని యాసలో తిరిగి అంటాడు, అందరూ పడీపడీ నవ్వుతారు, మేనేజర్‌తో సహా. అతనూ నవ్వేస్తాడు గానీ ఇక మీటింగ్ అయ్యేదాకా మాట్లాడడు, చెప్పాల్సిందేదో చాట్‌లో టైప్ చేస్తాడు. ఇది రేసిజమే కదా అని ఫ్రెండ్‌తో అంటే "జోకుని జోకులా తీసుకో, నలుగురిలో బతికేటప్పుడు టాలరెన్స్ ఉండాలి, అది నీకే లేదు" అని నాకే క్లాస్ పీకాడు. నేనే ఎక్కువ చేస్తున్నానా?

జవాబు 1:
మీ ఫ్రెండ్ తిరగేసి పట్టుకున్నాడు. హద్దు లేకుండా సహిస్తూ పోతే చివరికి సహనమే మిగలదని కార్ల్ పాపర్ అనే తత్వవేత్త 1945లోనే రాశాడు. అలాగని నచ్చని ప్రతివాడి నోరూ మూయించేద్దాం అంటారు చూడండి కొందరు, ఆయన అలా అనలేదు, వాదించి ఎదుర్కోగలిగినంత కాలం నిషేధాలు తెలివైన పని కాదన్నాడు. మీ సీనియర్‌ది ఇంకా మాటల స్టేజే కాబట్టి మొహమ్మీదే అడగండి, "ఇందులో జోకేంటి, నాకర్థం కాలేదు" అని. విడమర్చి చెప్పాల్సొస్తే వాడికే ఇబ్బంది.

జవాబు 2:
అబ్బా, అందరూ జోకుల దగ్గరే ఆగిపోతారేంటండీ. అసలు దెబ్బ తీయగా మాట్లాడేవాళ్ళ దగ్గరే తగుల్తుంది. 2004లో అచ్చయిన స్టడీ ఒకటుంది, బోస్టన్, షికాగోల్లో ఉద్యోగ ప్రకటనలకి దాదాపు 5000 ఉత్తుత్తి రెజ్యూమెలు పంపారు, అర్హతలు ఒకేలాంటివి, పేర్లే వేరు. తెల్లవాళ్ళవనిపించే పేర్లతో పది పంపితే ఒక కాల్ వచ్చింది, నల్లవాళ్ళవనిపించే పేర్లతో అయితే పదిహేను పంపితే గానీ రాలేదు. "మాకు అందరూ సమానమే" అని ప్రకటనలో రాసుకున్న కంపెనీలు కూడా ఈ తేడాలో మిగతావాళ్ళకేం తీసిపోలేదు! మీ దగ్గర ప్రమోషన్లు ఎవరికొస్తున్నాయో అది చూడండి ముందు.

జవాబు 3:
పైన చెప్పింది నిజమే గానీ ఇవి రెండు వేర్వేరు సంగతులు కాదు కదా, మీటింగ్‌లో నోరు కట్టేసుకున్నవాడికి ప్రమోషన్ ఎవరిస్తారు? రకరకాల మనుషుల్ని ఒకచోట కూర్చోబెడితే వివక్ష దానంతటదే పోదు. గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే సైకాలజిస్ట్ 1954లోనే చెప్పాడు, అది తగ్గాలంటే సమాన హోదా ఉండాలి, ఒకే లక్ష్యం కోసం కలిసి పనిచెయ్యాలి, పైవాళ్ళ అండ ఉండాలి అని. మీ దగ్గర ఆ పైవాడే నవ్వుతున్నాడు. నన్నడిగితే సీనియర్ కంటే మేనేజర్‌తోనే అసలు పని. కాకపోతే ముందు ఆ వెక్కిరింపు పడుతున్నతన్ని అడగండి, అతని తరఫున మీరు యుద్ధం మొదలెట్టి అతన్ని ఇరుకున పెట్టకండి.

ప్రశ్న వేసినవారు:
మేనేజర్ దగ్గరికి వెళ్ళాలని తట్టలేదు. రేపు అతన్ని కదిపి చూస్తా, సరేనంటే ఇద్దరం వెళ్తాం.

జవాబు 1:
వెళ్ళేముందు ఆ సీనియర్ ఏ రోజు ఏమన్నాడో రాసి పెట్టుకోండి, లేదంటే "నేనెప్పుడన్నాను" అంటాడు.