జర్మనీ వచ్చి ఆరు రోజులైంది, ముందు ఏ పని చేయాలి?

కొత్త_గూడు:
అందరికీ నమస్కారం. మాస్టర్స్ చదవడానికి లైప్‌జిగ్ వచ్చి ఆరు రోజులు. శనివారం రాత్రి దిగాను. ఆదివారం షాపులు మూసి ఉంటాయని తెలియక ఆ రోజంతా బ్యాగులో ఉన్న బిస్కెట్లతో గడిపాను. షేరింగ్ ఫ్లాట్‌లో గది, అది బాగానే ఉంది. కానీ నిద్ర పట్టట్లేదు. అమ్మ ఫోన్ చేస్తే అంతా బాగుందంటున్నా, పెట్టేశాక ఏడుపొస్తోంది. అన్‌మెల్డుంగ్, బ్యాంకు, ఇన్సూరెన్స్, రెసిడెన్స్ పర్మిట్... లిస్టు చూస్తేనే టెన్షన్. దేంతో మొదలుపెట్టాలి? మీకూ ఇలాగే ఉండేదా?

రైన్_ఒడ్డున:
ముందు అన్‌మెల్డుంగ్, తమ్ముడూ. గదిలో చేరిన రెండు వారాల్లోపు అడ్రస్ నమోదు చేయించుకోవాలని ఇక్కడి చట్టం. పాస్‌పోర్టుతో పాటు ఇంటి ఓనర్ సంతకం పెట్టిన వోనుంగ్స్‌గేబర్ బెస్టెటిగుంగ్ కావాలి, అంటే నువ్వు ఆ ఇంట్లో చేరావని ఓనర్ ఇచ్చే కాగితం. అద్దె అగ్రిమెంటు చూపిస్తే చాలనుకుని వెళ్లి నేను ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఓనర్‌కి ఈ రోజే మెయిల్ పెట్టు. టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరక్కపోతే పొద్దున్నే వెబ్‌సైట్ చూస్తూ ఉండు, ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ స్లాట్లు కనిపిస్తాయి. నాకు అలాగే దొరికింది.

తర్వాత బ్యాంకు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో వేసిన 11,904 యూరోల్లోంచి నెలనెలా 992 నీ చేతికి రావాలంటే మామూలు అకౌంటు ఒకటి ఉండాలి కదా. రెసిడెన్స్ పర్మిట్‌కి వీసా గడువు ముగియక ముందే అప్లై చెయ్యి. ఆ ఆఫీసు నుంచి జవాబు రావడానికి చాలా రోజులు పడుతుంది.

పోస్టు_డబ్బా:
కింద పోస్టు డబ్బా మీద నీ పేరుందా? ముందు అది చూసుకో. ఇక్కడ చాలా బిల్డింగుల్లో ఫ్లాట్ నంబర్లు ఉండవు, పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద ఇంటిపేరు చూసే ఉత్తరం వేస్తాడు. పేరు లేకపోతే పంపినవాళ్లకే వెనక్కి వెళ్లిపోతుంది. నా ఇన్సూరెన్స్ కార్డు అలాగే పోయింది, అన్‌మెల్డుంగ్ తర్వాత పోస్టులో రావాల్సిన టాక్స్ నంబర్ కూడా పోయింది. ఆ నంబర్ లేక, పార్ట్‌టైం ఉద్యోగంలో మొదటి జీతంలో పన్ను బాగా కోసేశారు. తర్వాత సర్దారు గానీ ఆ నెల అద్దె కట్టడానికి అప్పు చేశాను.

మా డబ్బా మీద అప్పటికే నాలుగు పేర్లున్నాయి, కింద వేలెడంత జాగా. నోట్‌బుక్ కాగితం సన్నగా చించి పేరు రాసి, తడవకుండా పైన టేపు అంటించాను. మనవాళ్లం ఇంటిపేరుని ఒక్క అక్షరానికి కుదించే అలవాటులో ఉంటాం. అలా రాయొద్దు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా, ఇంటిపేరు పూర్తిగా రాయి. కాలింగ్ బెల్ దగ్గర కూడా.

నాలుగింటికే_చీకటి:
ఆ ఏడుపు గురించి నేను రాస్తాను. నేను నవంబరులో వచ్చాను. ఇంకో నెల గడిచేసరికి సాయంత్రం నాలుగింటికే చీకటి. గదిలో ఒక్కదాన్నే తింటే ముద్ద దిగేది కాదు. మధ్యాహ్నం భోజనం మాత్రం యూనివర్సిటీ క్యాంటీన్, మెన్సాలోనే తినాలని పెట్టుకున్నాను, ఎవరూ తెలియకపోయినా సరే. రెండో వారంలో ఎదురుగా కూర్చున్న అమ్మాయి ఉప్పు అడిగింది. ఇప్పటికీ మేమిద్దరం కలిసే చదువుకుంటాం.

అమ్మతో మాట్లాడటం కష్టమైతే మాట్లాడకు, ఫోన్ మాత్రం ఆన్‌లో ఉంచు. వేసవిలో మనకీ ఇంటికీ మూడున్నర గంటల తేడా. నేను ఐదింటికి వంట మొదలుపెడితే అక్కడ ఎనిమిదిన్నర, అమ్మ వంటిల్లు సర్దుకుంటూ ఉండేది. స్పీకర్‌లో పెట్టి ఎవరి పని వాళ్లం చేసుకునేవాళ్లం. ఆవిడ గిన్నెల చప్పుడు వింటూ ఉంటే అంతా బాగుందని చెప్పాల్సిన పని ఉండేది కాదు.

నిద్ర లేకుండా ఇంకో రెండు వారాలు గడిస్తే మాత్రం ఆగకు. విద్యార్థుల కోసం స్టుడియెరెండెన్‌వెర్క్ (విద్యార్థుల బాగోగులు చూసే సంస్థ) వాళ్ల కౌన్సెలింగ్ ఉంటుంది, నేను వెళ్లాను, చాలా మేలు జరిగింది.

హీటర్_3:
చిన్న చిన్నవి చెప్తాను. హీటర్ నాబ్ మీద 3 అంటే దాదాపు 20 డిగ్రీలు. 5 పెట్టినంత మాత్రాన గది తొందరగా వేడెక్కదు. కిటికీ పిడి పైకి తిప్పితే పైభాగం లోపలికి వాలుతుంది, ఊడిపోతోందని భయపడొద్దు, దాని తీరే అంత. కుళాయి నీళ్లు తాగొచ్చు. ప్లాస్టిక్ సీసాలు పారేయకండి, చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కి ఇస్తారు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని షాపులు ఆదివారం కూడా తెరిచే ఉంటాయి.

కొత్త_గూడు:
మూడు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. అక్కా, అన్నలూ, చాలా థ్యాంక్స్. అన్‌మెల్డుంగ్ అయింది. నిద్ర కాస్త నయం. డబ్బా మీద పేరు అంటించాను, నిన్న నా పేరు మీద మొదటి ఉత్తరం వచ్చింది. తెరిస్తే రేడియో, టీవీ ఫీజట, నెలకు 18.36 యూరోలు. మా ఇంట్లో టీవీయే లేదు. కట్టాలా?

రైన్_ఒడ్డున:
టీవీ ఉన్నా లేకపోయినా ఆ ఫీజు తప్పదు, కానీ అది ఇంటికి ఒకటే, మనిషికి కాదు. ఫ్లాట్‌మేట్స్‌లో ఎవరు కడుతున్నారో అడుగు. వాళ్ల బైట్రాగ్స్‌నుమ్మర్, అంటే ఆ ఫీజు ఖాతా నంబర్, జవాబు ఫారంలో రాసి పంపిస్తే నువ్వు విడిగా కట్టక్కర్లేదు. ఉత్తరాన్ని మాత్రం పక్కన పడేయకు.