వెనుక చక్రం ఆగకుండా రుద్దుకుంటోంది: హైడ్రాలిక్ డిస్కు బ్రేకుకు సర్దుబాటు మర ఎక్కడ ఉంటుంది?

పెన్నాగట్టు, నెల్లూరు:

సభ్యులందరికీ నమస్కారం. నేను రెండేళ్లుగా ఒక మౌంటెన్ బైకు తొక్కుతున్నాను. మామూలు రోజుల్లో తెల్లవారుజామున మైపాడు వైపు తారురోడ్డు మీద తిరుగుతాను, సెలవు దొరికితే పెంచలకోన చుట్టుపక్కల మట్టిదారులకు వెళతాను. ముందూ వెనుకా ఉన్నవి హైడ్రాలిక్ డిస్కు బ్రేకులే. డిస్కులు 160 మి.మీ. కొలతవి. మినరల్ ఆయిలు మాత్రమే వాడాలని లీవరు మూత మీద రాసి ఉంది. ఇంతకాలం వాటి జోలికి వెళ్లవలసిన అవసరమే రాలేదు.

మూడు వారాల కిందట వెనుక చక్రానికి పంక్చరు పడింది. దుకాణంలో సైకిలును తలకిందులుగా నిలబెట్టి చక్రం ఊడదీశారు. చక్రం బయట ఉండగానే, అక్కడ పనిచేసే కుర్రవాడు చేతికందింది కదా అని బ్రేకు లీవరును నాలుగైదుసార్లు నొక్కాడు. డిస్కును రెండువైపులా నొక్కి పట్టే ప్యాడ్లు రెండూ దగ్గరకు వచ్చేశాయి, చక్రం తిరిగి పెట్టబోతే డిస్కు వాటి మధ్యకు దూరలేదు. చివరికి స్క్రూడ్రైవరుతో వాటిని ఎడంచేసి ఎలాగో బిగించి ఇచ్చారు. ఆ పిల్లవాడిని అనడానికి లేదు. అలా నొక్కకూడదని పక్కనే నిలబడి చూస్తున్న నాకూ తెలియదు.

అప్పటి నుంచి వెనుక చక్రాన్ని చేత్తో తిప్పితే ఆగకుండా సర్రుమని రుద్దుకుంటూ, రెండు చుట్లకే నిలిచిపోతోంది. అదే బ్రేకు లీవరు మునుపటికంటే లోపలికి వెళుతోంది. వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే గట్టిపడుతోంది. ముందు చక్రం సంగతి వేరు. గత నెల బస్సు డిక్కీలో పడుకోబెట్టి తెచ్చినప్పటి నుంచి అది చుట్టుకొకసారి టిక్కుమని తగులుతోంది.

నా పాత సైకిలుకు కేబులు బ్రేకులు ఉండేవి. లీవరు దగ్గరి మరను కాస్త తిప్పితే పని అయిపోయేది. దీనికి అలాంటి మర కనిపించలేదు. లీవరు పక్కన చిన్న అలెన్ స్క్రూ ఒకటి ఉంది గానీ, దాన్ని తిప్పితే లీవరు హ్యాండిలుకు దగ్గరగానో దూరంగానో జరుగుతోందే తప్ప రాపిడి పోవడం లేదు. మా వీధి చివర మోటారు సైకిళ్లు బాగుచేసే ఆయన, “ఆయిలు తగ్గింది, మా దగ్గరున్న డిస్కు బ్రేకు ఆయిలు పోస్తే సరిపోతుంది, రేపు తీసుకురా” అంటున్నారు. తీసుకువెళ్లమంటారా?

వేదాయపాళెం సవారీ, నెల్లూరు:

తీసుకువెళ్లకండి. ఆయన పనిమంతుడే కావచ్చు గానీ ఆ సీసాలోని ఆయిలు మీ బ్రేకుకు పనికిరాదు. దాని సంగతి తరువాత మాట్లాడుకుందాం, ముందు మీరు వెతుకుతున్న మర గురించి చెబుతాను.

అలాంటి మర ఈ బ్రేకుకు లేదు, దాని అవసరమూ లేదు. డిస్కుకు అటూ ఇటూ ఉండి ప్యాడ్లను ఇమిడ్చుకున్న భాగమే కాలిపర్. అందులో ప్యాడ్లను నెట్టే ప్రతి పిస్టన్ చుట్టూ చదరపు కోత ఉన్న రబ్బరు సీలు ఒకటి ఉంటుంది. మీరు లీవరు నొక్కినప్పుడు పిస్టన్ ముందుకు జరుగుతుంది, సీలు దాన్ని వదలకుండా పట్టుకుని కొంచెం మెలిపడుతుంది, మీరు వదలగానే ఆ మెలి విప్పుకుంటూ పిస్టన్‌ను తనతోపాటు వెనక్కి లాగుతుంది. ప్యాడు అరిగిన కొద్దీ పిస్టన్ సీలులోనుంచి ఆ మేరకు జారి ముందుకు వచ్చి నిలుస్తుంది. ఆ ఖాళీని లీవరు దగ్గరున్న చిన్న తొట్టిలోని ఆయిలు నింపుతుంది. అరుగుదలకు తగిన సర్దుబాటు దానంతట అదే జరిగిపోతుందన్నమాట. మీరు చూసిన చిన్న స్క్రూ వేళ్ల పొడవుకు తగినట్టు లీవరు దూరాన్ని మార్చుకోవడానికి మాత్రమే.

మీ దుకాణంలో జరిగింది కూడా ఇదే. మధ్యలో డిస్కు లేనప్పుడు లీవరు నొక్కితే, ప్యాడ్లు బాగా అరిగిపోయాయనుకుని పిస్టన్లు ముందుకు వచ్చేస్తాయి. వాటిని తిరిగి లోపలికి నెట్టవలసిందే, అయితే స్క్రూడ్రైవరుతో కాదు. కొన్ని బ్రేకుల్లో పిస్టన్లు సెరామిక్‌వి, ఇనుము తగిలితే అంచు పెచ్చు ఊడుతుంది.

ఏ పనికైనా ముందు వెనుక చక్రం ఇరుసు ఫ్రేములో రెండువైపులా పూర్తిగా కూర్చుందో లేదో చూడండి. సైకిలును నేల మీద నిటారుగా నిలిపి, ఇరుసును బిగించే క్విక్ రిలీజ్ పిడిని వదులు చేసి, సీటు మీద చేత్తో ఒత్తి మళ్లీ బిగించండి. తలకిందులుగా ఉన్నప్పుడు బిగించిన చక్రం ఒక పక్కకు వాలి ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఆ ఒక్క కారణానికి కాలిపర్ బోల్టులన్నీ విప్పి సాయంత్రమంతా పోగొట్టుకున్న రోజులూ ఉన్నాయి.

రుద్దుడు అప్పటికీ పోకపోతే చక్రం తీసి, ప్యాడ్లు తీసి, ప్లాస్టిక్ టైరు లీవరుతో రెండు పిస్టన్లనూ నిదానంగా, వంకరపోకుండా, పూర్తిగా లోపలికి నెట్టండి. ప్యాడ్ల మీది ముద్ద మందం 0.5 మి.మీ.కు వచ్చి ఉంటే మళ్లీ అవే వేయకుండా కొత్తవి తెచ్చుకోండి. చక్రం బిగించాక, లీవరు గట్టిపడేదాకా నొక్కుతూ పోండి. తరువాత కాలిపర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే రెండు బోల్టులను 5 మి.మీ. అలెన్ కీతో, కాలిపర్ అటూ ఇటూ కదిలేంత మాత్రమే వదులు చేయండి. లీవరు గట్టిగా నొక్కి పట్టుకుని, బోల్టులను ఒకదాని తరువాత ఒకటి పావు చుట్టు చొప్పున బిగించుకుంటూ రండి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే, బోల్టు తల తిరుగుతూ కాలిపర్‌ను తనతో ఈడ్చుకుపోతుంది. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి ఉంటే 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్య ఆపండి. కాలిపర్ వెనుక తెల్లకాగితం పెట్టి పైనుంచి చూస్తే, డిస్కుకు అటూ ఇటూ సన్నని వెలుతురు గీతలు సమానంగా కనిపించాలి.

లీవరు లోతుకు వెళ్లి, వరసగా నొక్కితే గట్టిపడటం మాత్రం గాలి చేరినట్టు తోస్తోంది. సైకిలు తలకిందులుగా ఉన్నప్పుడు తొట్టిలో పైన ఉండే గాలి గొట్టంలోకి దిగి ఉంటుంది. సైకిలును నిటారుగా నిలిపి, లీవరును పాత ట్యూబు ముక్కతో హ్యాండిలుకు కట్టి ఒక రాత్రి ఉంచండి. బుడగలు చిన్నవైతే పైకి చేరతాయి.

గెలాక్సీ దుమ్ము, చీమకుర్తి:

పై సభ్యులు చెప్పిన పద్ధతి సరైనదే గానీ, ఒక్క చోట నేను వారితో ఏకీభవించను. లీవరు నొక్కి పట్టుకుని కాలిపర్ బిగించడం, రెండు పిస్టన్లూ సమానంగా కదిలినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. ఒకటి బద్ధకించి రెండోది మాత్రమే ముందుకు వస్తుంటే, మీరు ఎన్నిసార్లు అలా బిగించినా లీవరు వదలగానే కాలిపర్ ఒక పక్కకే ఉంటుంది. మా ఊరిలో నల్ల గ్రానైటు లారీల వెనుక తొక్కే వారందరికీ ఇది అనుభవమే. ఆ సన్నపు పొడి పిస్టన్ అంచు చుట్టూ చేరి, తడి తగిలిందంటే సిమెంటులా గట్టిపడుతుంది. మీకు మైపాడు ఇసుక, ఉప్పుగాలి ఉన్నాయి కాబట్టి మీ పరిస్థితి ఇంతకంటే మెరుగని అనుకోను.

అందువల్ల ప్యాడ్లు తీసినప్పుడే ఒక పరీక్ష చేయండి. లీవరును మెల్లగా, సగం వరకే నొక్కుతూ ఏ పిస్టన్ ముందు కదులుతోందో గమనించండి. చురుకుగా ఉన్నదాన్ని టైరు లీవరుతో అదిమిపట్టి, బద్ధకంగా ఉన్నదాన్ని రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే బయటికి రప్పించండి. అంతకు మించితే ఊడి మీ చేతిలో పడుతుంది, ఆయిలంతా కారిపోతుంది. బయటికి వచ్చిన అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన ఇయర్‌బడ్‌తో చుట్టూ తుడిచి, ఒక్క చుక్క మినరల్ ఆయిలు రాసి, లోపలికి నెట్టి, మళ్లీ రప్పించండి. నాలుగైదుసార్లు ఇలా చేస్తే రెండూ జతగా కదలడం మొదలుపెడతాయి. ప్యాడ్లు తిరిగి పెట్టేముందు ఆ నూనె జాడ పూర్తిగా తుడిచివేయడం మరిచిపోకండి. గొలుసుకు కొట్టే స్ప్రేను మాత్రం ఆ దరిదాపులకు రానివ్వవద్దు. ఒకసారి నూనె పీల్చిన ప్యాడు కూతపెడుతుంది, పట్టు వదిలేస్తుంది, దాన్ని గరుకు కాగితంతో రుద్దినా చాలావరకు తిరిగి మామూలు స్థితికి రాదు.

ముందు చక్రం చుట్టుకొకసారే తగులుతోందంటే కాలిపర్‌ను ముట్టుకోనక్కరలేదు, డిస్కు వంగింది. బస్సు డిక్కీలో దాని మీద ఏదో సామాను పడి ఉంటుంది. తగిలే చోటును స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకుని, శుభ్రమైన గుడ్డ చుట్టిన అడ్జస్టబుల్ స్పానరుతో ఆ భాగాన్ని పట్టి, వంగిన దిక్కుకు ఎదురుగా వెంట్రుకవాసి మాత్రం వంచి, చక్రం తిప్పి చూడండి. ఒకేసారి సరిచేయాలని బలం పెడితే వంకర రెండో పక్కకు తిరుగుతుంది. పనిలో పనిగా డిస్కు మందం కూడా కొలవండి. షిమానో కంపెనీ డిస్కులు కొత్తవి 1.8 మి.మీ. ఉంటాయి, 1.5 మి.మీ.కు అరిగితే మార్చవలసిందే. తిరుగుతున్న డిస్కు దగ్గరకు వేళ్లు మాత్రం పోనివ్వకండి, అది కత్తితో సమానం.

కావలి రైలుకట్ట:

మోటారు సైకిలు ఆయిలు గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. మోటారు సైకిళ్లలో పోసేది డాట్ రకం ఆయిలు, అది గ్లైకాల్ ఆధారంగా తయారవుతుంది. షిమానో, టెక్ట్రో, మగూరా బ్రేకులకు మినరల్ ఆయిలు వాడతారు; శ్రామ్ వారి బ్రేకుల్లో చాలావాటికి డాట్ రకమే వాడతారు. ఒకదాని కోసం చేసిన సీళ్లు రెండోది తగిలితే ఉబ్బిపోతాయి, పిస్టన్ ఇరుక్కుపోతుంది, చివరకు లీవరు, గొట్టం, కాలిపర్ అన్నీ మార్చుకోవలసి వస్తుంది. పొరపాటున చుక్క పడితే డాట్ ఆయిలు ఫ్రేము రంగును కూడా తినేస్తుంది. ఆ మెకానిక్ గారికి లీవరు మూత మీద రాసి ఉన్నది చూపించండి, ఆయన నొచ్చుకోరు.

పెన్నాగట్టు, నెల్లూరు:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న, ఇవాళ కూర్చుని చెప్పినవన్నీ చేశాను.

చక్రం నిజంగానే ఒక పక్కకు వాలి ఉంది; సరిగా కూర్చోబెట్టగానే సగం రాపిడి పోయింది. మిగిలిన సగానికి కారణం చీమకుర్తి సభ్యులు చెప్పినదే. కుడి పిస్టన్ చకచకా వస్తోంది, ఎడమది కదలనే లేదు. శుభ్రం చేస్తే ఇయర్‌బడ్ల మీద నల్లటి ముద్దతో పాటు ఇసుకరేణువులు కూడా వచ్చాయి. ఆరుసార్లు అటూ ఇటూ నడిపించాక రెండూ దారికి వచ్చాయి. స్క్రూడ్రైవరు గాటు ఒక ప్యాడు అంచు మీద ఉంది గానీ పిస్టన్లకు తగల్లేదు. ముందు డిస్కు దగ్గర మొదట మీరు వద్దన్న పనే చేశాను, అది అవతలి పక్కకు వంగింది. మళ్లీ ఓపికగా గంటసేపు కూర్చుంటే టిక్కు దాదాపు పోయింది, చెవి పెట్టి వింటే తప్ప తెలియడం లేదు.

వెనుక లీవరు మాత్రం కుదరలేదు. రాత్రంతా కట్టి ఉంచితే ఉదయం గట్టిగానే ఉంది, మైపాడు రోడ్డులో నాలుగు కిలోమీటర్లు వెళ్లేసరికి మళ్లీ లోపలికి పోయింది.

వేదాయపాళెం సవారీ, నెల్లూరు:

అయితే గాలి పెద్ద బుడగగా, కాలిపర్ వైపుకు దిగి ఉంది. బ్లీడింగ్, అంటే ఆయిలులో చేరిన గాలిని బయటికి తీసే పని, చేయవలసిందే, కట్టి ఉంచడం వల్ల ఇక ప్రయోజనం ఉండదు. కింద కాలిపర్ నిపుల్ (ఆయిలు ఎక్కించే చిన్న మూతి) నుంచి సిరంజితో ఆయిలు పైకి ఎక్కిస్తే, బుడగలు లీవరు మీద బిగించిన గరాటులోకి వచ్చేస్తాయి. మొదటిసారి ఒక్కరే చేస్తే ఆయిలు గచ్చు మీదకు పోతుంది, నాకు అలాగే జరిగింది. ఆదివారం ఉదయం మా ఇంటికి తీసుకురండి. గరాటు, సిరంజి, 7 మి.మీ. స్పానరు నా దగ్గర ఉన్నాయి, మీరు మినరల్ ఆయిలు 100 మి.లీ. సీసా తెచ్చుకుంటే చాలు. గాటు పడిన ప్యాడ్లకు బదులు కొత్త జత దొరికితే అవి కూడా తెండి, లేకపోయినా పరవాలేదు.

బ్లీడింగ్ అయ్యాక, కొత్త ప్యాడ్లయితే వాటిని డిస్కుకు అలవాటు చేయాలి. ఖాళీ రోడ్డు మీద గంటకు 20 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, పూర్తిగా ఆగకుండా, ఒక 20 సార్లు బ్రేకు వేయాలి. మా వీధిలో ఉదయం ఏడు లోపు ఆ పని చేసుకోవచ్చు, ఆ తరువాత స్కూలు ఆటోలు మొదలవుతాయి. అప్పటిదాకా సైకిలును నిటారుగానే ఉంచండి, పంక్చరు పడినా తలకిందులు చేయనివ్వకండి.