అప్‌డేట్: రక్తం ఎక్కించుకోనన్న అమ్మకు తుంటి ఆపరేషన్ పూర్తయింది

యెహోవాసాక్షి (రక్తం ఎక్కించుకోకూడదని నమ్మే క్రైస్తవ శాఖ సభ్యురాలు) అయిన మా అమ్మ అందుకు ఒప్పుకోనందున తుంటి కీలు మార్పిడి వాయిదా పడిందని, ఏం చేయాలో తోచడం లేదని రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను. ఆపరేషన్ జరిగింది, అమ్మ చేతికర్రతో నడుస్తోంది. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

పనిచేసిన సలహా ఒక్కటే: సర్జన్‌తో వాదించడం మాని, ముందుగా మత్తు వైద్యురాలిని కలవడం. హిమోగ్లోబిన్ 10.4 మాత్రమే ఉందని, అసలు చిక్కు విశ్వాసం కాదు, ఈ రక్తహీనతేనని ఆవిడ తేల్చారు. నరం ద్వారా ఐరన్, దానితోపాటు ఎర్రకణాల తయారీని పెంచే ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ ఇంజెక్షన్లు ఇవ్వగా ఐదు వారాల్లో అది 13 దాటింది. (కొన్ని రకాల ఎరిత్రోపోయిటిన్‌లో మనిషి రక్తం నుంచి తీసిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ కలుస్తుంది కాబట్టి, ఏది వాడుతున్నారో ముందే అడగండి.)

ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, ప్లాస్మా వద్దనే యెహోవాసాక్షులు కూడా ఆల్బుమిన్ విషయంలోనూ, కారిన సొంత రక్తాన్నే శుద్ధిచేసి తిరిగి ఎక్కించే యంత్రం విషయంలోనూ ఎవరి మనస్సాక్షిని బట్టి వారు నిర్ణయించుకుంటారట. వీటి గురించి ఆ వైద్యురాలు మమ్మల్ని బయటికి పంపి అమ్మనొక్కదాన్నే అడిగి రాసుకోవడం నాకు చాలా నచ్చింది. ఆపరేషన్‌లో రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఇచ్చారు. యంత్రం సిద్ధంగా ఉంచినా వాడాల్సిన అవసరం రాలేదు.

లాయరు నోటీసు, ఆస్పత్రి మార్పు అనే సలహాల జోలికి వెళ్ళనే లేదు.