విడతల్లో గ్రూపులు కలవని డేటా: సవరించి వాడాలా, పక్కన పెట్టాలా?

బయోకోడ్: బహిరంగంగా దొరికే ఒక ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ డేటా (ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉందో చెప్పే అంకెలు) తీసుకున్నాను. రోగుల నమూనాలన్నీ ఒక విడతలో (బ్యాచ్‌లో), ఆరోగ్యవంతులవి మరో విడతలో సీక్వెన్స్ చేశారు. విడతల తేడాలను సవరించే కాంబ్యాట్ సాఫ్ట్‌వేర్‌తో విడత ప్రభావం తీసేసి వాడుకోవచ్చని నా వాదన. ఇంత డేటాను వృథా చేయడమెందుకు?

పీవిలువ: కుదరదండీ. వేల జన్యువుల్లో తేడా కనిపిస్తుంది. అది జబ్బుదో యంత్రానిదో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. విడతను తుడిస్తే జబ్బూ దాంతోపాటే పోతుంది.

బయోకోడ్: ఇవి పాఠ్యపుస్తకం భయాలు.

లేన్‌నంబర్: కాదు. 2014లో మనిషి, ఎలుక కణజాలాలను పోల్చిన ఒక పరిశోధనలో నమూనాలు కణజాలాన్ని బట్టి కాక జాతిని బట్టి గుంపులయ్యాయి. 2015లో గిలాడ్, మిజ్రాహి-మాన్ ఆ పరిశోధన ఫాస్ట్‌క్యూ ఫైళ్లు (సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే ముడి డేటా) తెరిచారు. ప్రతి రీడ్‌కూ (యంత్రం చదివిన ఒక్కో ఆర్‌ఎన్‌ఏ ముక్కకూ) ముందు '@'తో మొదలయ్యే వరుసలో యంత్రం పేరు, రన్ సంఖ్య, ఫ్లోసెల్ (నమూనాలు పోసే గాజు పలక), లేన్ (అందులోని ఒక్కో గాడి) ఉంటాయి కదా, వాటితో విడతల గుట్టు విప్పారు. అయిదు విడతల్లో ఒక్కదానిలోనే రెండు జాతులూ ఉన్నాయి. విడతను సవరించాక గుంపులు కణజాలం వారీగా మారాయి.

బయోకోడ్: అంటే సవరణ పనిచేసినట్టే కదా!

పీవిలువ: ఆ ఒక్క మిశ్రమ విడత ఉండబట్టి కాస్త ఊతం దొరికింది. అయినా జాతుల అసలు తేడాలోనూ కొంత కొట్టుకుపోయి ఉండవచ్చు. మీ డేటాకు ఆ ఊతమూ లేదు. జన్యువుల తేడాలను పరీక్షించే డీసెక్2 ప్యాకేజీలో విడత, స్థితి (రోగా, ఆరోగ్యవంతుడా) రెండూ పెట్టి నడపండి. మోడల్ మ్యాట్రిక్స్ పూర్తి ర్యాంకులో లేదని, అంటే ఆ రెండింటినీ విడదీయలేనని, మొరాయిస్తుంది. చాలామంది అక్కడ ఆగరు, విడతను సూత్రంలోంచి తీసేసి ముందుకు పోతారు! విడతలు కొంతైనా కలిసి ఉంటే వాటిని మోడల్‌లోనే పెట్టాలి. అంకెలను ముందే దిద్ది తర్వాత పరీక్షిస్తే, ముఖ్యంగా విడతల్లో గ్రూపులు సమంగా లేనప్పుడు, పీ విలువలు ఉండాల్సినదానికన్నా చిన్నగా వస్తాయి, అంటే లేని తేడా కూడా ఉన్నట్టు కనిపిస్తుంది.

పిపెట్‌చేయి: మీరంతా కంప్యూటర్ దగ్గరే పోట్లాడుకుంటున్నారు. ఏది ఎవరిదో తెలిసేలా ఒక్కో నమూనాకు బార్‌కోడ్ (గుర్తుగా చిన్న డీఎన్‌ఏ ముక్క) తగిలించి అన్ని నమూనాలనూ అన్ని లేన్లలో కలిపి నడిపితే లేన్ గొడవ ఉండదు. కానీ ఆర్‌ఎన్‌ఏ తీసిన రోజు, కిట్ లాట్, తీసిన మనిషి? వాటిని రాసిపెట్టేవారెందరు?

బయోకోడ్: నడిపాను, మొరాయించింది. అయినా పారేయను. ఇదే కణజాలానికి రెండు గ్రూపులనూ ఒకే విడతలో నడిపిన డేటా మరొకటి ఉంది. జన్యువుల జాబితాను అందులోంచి తీసి, ఇక్కడ పెరుగుదల, తగ్గుదల అదే దిశలో ఉన్నాయా అని మాత్రమే చూస్తాను.

పీవిలువ: అలాగైతే పేచీ లేదు. దిశ కలిసినంత మాత్రాన దాన్ని స్వతంత్ర నిర్ధారణ అని మాత్రం రాయకండి.